గిటార్ ఫ్రెట్లు పీకితే పెచ్చులు లేచాయి. ఫింగర్‌బోర్డులో ఈ సందులు దేంతో పూడ్చాలి?

కాజీపేట ఫిట్టర్ (మే 9)

అందరికీ నమస్తే. నేను రైల్వేలో ఫిట్టర్‌ని. గిటార్ రిపేరు నా బతుకుతెరువు కాదు. మా చర్చి క్వయర్ పిల్లల గిటార్లకు తీగలు మార్చడం, శ్రుతి కీలు వదులైతే బిగించడం, అంతవరకే. డ్యూటీ లేని రోజు వరండాలో పాత దుప్పటి పరుచుకుని చేస్తుంటాను. ఇప్పటిదాకా దేన్నీ చెడగొట్టలేదు. ఈసారి చెడగొట్టాను.

గిటార్ 2007లో కొన్న కలకత్తా సరుకు. చర్చిది కాబట్టి ఎవరి చేతికొస్తే వాళ్లు వాయిస్తారు. మొదటి అయిదు ఫ్రెట్లు (ఫింగర్‌బోర్డు, అంటే మెడ మీద వేళ్లు నొక్కే చెక్కపలకలో, అడ్డంగా దిగేసిన లోహపు మెట్లు) తీగల కింద గుంటలు పడి, ఏ కార్డు పట్టినా జుయ్యిమని మోత. రాకి సమం చేద్దామంటే రాకడానికి ఫ్రెట్‌లో ఎత్తు మిగల్లేదు. కొత్త ఫ్రెట్ తీగ తెప్పించాను. కటింగ్ ప్లయర్ ముక్కును గ్రైండర్ మీద చదునుగా అరగదీసి, పాత ఫ్రెట్ల కింద దూర్చి పీకడం మొదలుపెట్టాను.

తప్పు ఇక్కడే జరిగింది. మొదటి రెండు ఫ్రెట్లు వేడి చెయ్యకుండా చల్లగానే పీకేశాను. ఫ్రెట్ కాలుకి ముళ్లలాంటి గుబ్బలు ఉంటాయి కదా, అవి పైకొస్తూ గాడి పక్క చెక్కను పెచ్చులు పెచ్చులుగా లేపేశాయి. మూడో ఫ్రెట్ నుంచి బుద్ధొచ్చి 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ పెట్టి వేడి చేస్తూ తీశాను, అవి బాగానే వచ్చాయి. రెండో ఫ్రెట్ దగ్గరే ఎక్కువ దెబ్బ. మూడో తీగ కింద 4 మిల్లీమీటర్ల పొడవు, 1.5 వెడల్పు పెచ్చు ఎగిరిపోయింది. గచ్చు మీద గంటసేపు వెతికాను. ఊడ్చిన చెత్తలో చీమంత ముక్క ఒకటి దొరికింది, అదో కాదో తెలియదు.

మొత్తం మీద నా దగ్గర మూడు రకాల సందులు ఉన్నాయి. ఒకటి, పైన చెప్పిన పెచ్చులు. రెండు, బోర్డు అంచున గాడుల కొసలు. ఫ్రెట్ కాలు అక్కడిదాకా రాదు కాబట్టి పక్క నుంచి చూస్తే చిన్న చిన్న కన్నాలు కనిపిస్తాయి. మూడు, సౌండ్‌హోల్ వైపు బోర్డు కొస నుంచి 20వ ఫ్రెట్ దాకా నిలువునా సన్నటి పగులు. ఫీలర్ గేజ్ (సందులు కొలిచే సన్నటి లోహపు ఆకుల కట్ట) పెట్టి చూస్తే 0.15 మిల్లీమీటర్ల ఆకు దూరుతోంది.

నెట్‌లో చూసి రెండో ఫ్రెట్ దగ్గర ఒక ప్రయత్నం చేశాను. సాండ్‌పేపర్‌తో బోర్డునే ఒక పక్క రుద్ది పొట్టు తీసి, పెచ్చులో నింపి, సూపర్ గ్లూ పోశాను. ఒక చుక్క అనుకుంటే మూడు పడ్డాయి. గాడిలోకి దిగిపోయింది. కంగారులో దూదితో తుడవబోతే ఆ దూది చేతిలోనే కాలి, పొగ లేచింది! అది ఎందుకో ఇప్పటికీ అర్థం కాలేదు. ఆరాక చూస్తే మసిబొగ్గులాంటి మచ్చ, దాని చుట్టూ సాండ్‌పేపర్ కొట్టినంత మేర గోధుమరంగు తేలింది. గాడిలో కొత్త ఫ్రెట్ సగం కూడా దిగడం లేదు.

ఈ నెలాఖరు ఆదివారానికి గిటార్ కావాలంటున్నారు. దేంతో పూడ్చాలి, ఏ వరసలో చెయ్యాలి, ఎవరైనా చేతితో చేసినవాళ్లు చెప్పండి.

హాస్టల్ గిటారు (మే 9)

అన్నా, వంట సోడా ప్లస్ ఫెవిక్విక్. మా రూమ్‌మేట్ గిటార్‌కి నట్‌లో (మెడ కొసన తీగలు ఆనే పట్టీ) గాడి లోతైపోతే అదే చేశాం. సోడా చల్లి చుక్క వేశాం, రెండు సెకన్లలో రాయిలా గట్టిపడింది. ఆకురాయితో రాకితే మళ్లీ గాడి వచ్చేసింది.

కాజీపేట ఫిట్టర్ (మే 9)

తమ్ముడూ, నట్ అంటే తెల్లది. ఇక్కడ నల్ల బోర్డు. తెల్లగా కనపడదా?

హాస్టల్ గిటారు (మే 9)

పైన పర్మనెంట్ మార్కర్ కొట్టెయ్ అన్నా :)

మెట్ల మేస్త్రీ, హన్మకొండ (మే 10)

తమ్మీ, సోడా జోలికి పోకు. నట్‌కి అది సరే, పిల్లగాడు చెప్పింది నిజమే. కానీ ఫ్రెట్ పక్కన సోడా గట్టిపడితే రేపు ఇంకొకడు అదే గాడిలో రంపం పెట్టినప్పుడు రంపం పళ్లు పోతయి, పక్క చెక్క మళ్లీ లేస్తది. మార్కర్ రంగు పది రోజుల్లో వేళ్లకు అంటుకుని పోతది, కింద తెల్ల మచ్చ మిగుల్తది.

నేను ముప్పై ఏళ్ల నుంచి హార్మోనియం, వీణ, గిటార్ పని చేస్తున్న. ముందు నీ దూది సంగతి చెప్తా. సూపర్ గ్లూ దూదిని, నూలు గుడ్డను తాకితే రెండూ కలిసి వేడి పుడుతది. బొబ్బలెక్కే వేడి. ఇంకెప్పుడూ దూదితో తుడవకు. కారితే కదిలించకుండా ఆరనిచ్చి బ్లేడుతో గీకాలె, అంతే.

ఇప్పుడు సందుల మాట. నీకు మూడు రకాలు ఉన్నయి అన్నవు, మంచిగ విడగొట్టినవు. మూడిటికీ ఒకే మందు లేదు. పగులును ఇప్పుడు ముట్టుకోకు. ఎందుకో చివర్ల చెప్తా.

పెచ్చులు. నా లెక్క ఇది: ఆవగింజంత సందుకు పొట్టు. బియ్యపు గింజంత అయితే చెక్కముక్క. నీ 4 మిల్లీమీటర్ల పెచ్చుకు పొట్టు పెడితే ఎప్పటికీ మచ్చే. పొట్టుకు పోగు (నార పోయే వరస) ఉండదు, చెక్కకు ఉంటది. జిగురు తాగిన పొట్టు చుట్టూ ఉన్న చెక్క కంటే ఎప్పుడైనా ఒక పాలు నల్లగనే అయితది. పైగా నువ్వు సాండ్‌పేపర్‌తో తీసిన పొట్టు వాడినవు. అందులో సాండ్‌పేపర్ రాయిపొడి కూడా కలుస్తది. పొట్టు కావాలంటే పదునైన బ్లేడుతో గీకాలె, లేకుంటే సన్నరంపం కోతలో రాలింది పట్టుకోవాలె.

అయితే ఒకటి చూడు. ఫ్రెట్ తల వెడల్పు సుమారు 2.4 మిల్లీమీటర్లు ఉంటది, గాడి 0.6. అంటే గాడికి రెండు పక్కలా దగ్గర దగ్గర 0.9 మిల్లీమీటర్లు తల కిందనే దాగిపోతయి. నీ పెచ్చు 1.5 వెడల్పు అన్నవు కాబట్టి బయట కనపడేది 0.6 మాత్రమే. దాగేదానికి ముస్తాబు అక్కర్లేదు. కానీ తల కూర్చోవడానికి కింద గట్టి ఆనిక ఉండాలె, బోలుగా ఉంటే ఆ చోట ఫ్రెట్ ఊగుతది, స్వరం మొద్దుబారుతది.

గాడిలోకి జిగురు దిగకుండా ఏం చెయ్యాలె అంటే, నువ్వు ఫిట్టర్‌వి కాబట్టి నీకు సుళువు. నీ ఫీలర్ గేజ్‌లో 0.55 ఆకు ఉంటది కదా. దానికి కొవ్వొత్తి మైనం రెండు పక్కలా రుద్ది గాడిలో నిలబెట్టు. ముక్క పెట్టి, జిగురు అంటించి, పైన పాలప్యాకెట్ కవర్ ముక్క పరిచి వేలితో అదుము. ఆ జిగురు పాలిథీన్‌కూ పట్టదు, మైనానికీ పట్టదు. ఆరినాక ఆకు బయటికి లాగితే గాడి గాడిలాగే ఉంటది. మా గురువు దగ్గర ఫీలర్ గేజ్ లేకుండె, రేకుముక్క కోసి వాడేటోడు.

జిగురు సీసా మూతితో పోయొద్దు. గుండుసూది మొనకు ఎంత అంటితే అంత. ముందు పొడి పొట్టు అదిమి పెట్టి దాని మీద అంటియ్యాలె. రెండూ కాగితం మీద కలిపి పెడదామనుకుంటే నీ చెయ్యి బోర్డు దాకా పోయేలోపే గట్టిపడుతది.

సమం చేసేటప్పుడు కూడా ఒక కిటుకుంది. షేవింగ్ బ్లేడుకు రెండు చివర్లా సెల్లోటేప్ చుట్టు, మధ్యలో అరంగుళం వదులు. టేప్ బోర్డు మీద జారుతది, మధ్య భాగం లేచి ఉన్న జిగురును మాత్రమే గీకుతది. చుట్టూ చెక్క చెడదు. సాండ్‌పేపర్ చివర్ల రెండు సార్లు, పోగు వెంబడే.

గాడిలో ఇప్పటికే దిగిన జిగురుకు హాక్సా బ్లేడు తీసుకో. పళ్లు రెండు పక్కలకూ వంగి ఉంటయి కాబట్టి అట్లనే కోస్తే గాడి వెడల్పైపోతది. సానరాయి మీద రెండు పక్కలా రుద్ది ఆ వంపు తీసెయ్. అప్పుడు కోత 0.6 దగ్గరికొస్తది. నిమ్మళంగ, రెండు వేళ్ల బలంతో లాగు. గాడి ఇప్పటికే వదులైతే పొట్టుతో బిగించాలని చూడకు. ఫ్రెట్ కాలును ప్లయర్‌తో అక్కడక్కడ నొక్కి కొద్దిగ అలలా వంచు, అదే పట్టుకుంటది. మరీ వదులైతే గాడి నిండా చెక్కపేడు అంటించి మళ్లీ కొయ్యాలె.

వీణకు ఈ గోల లేదు తమ్మీ. 24 మెట్లూ నల్ల మైనంలో కూర్చుంటయి, శ్రుతి తప్పితే మైనం కరిగించి మళ్లీ నిలబెడతం. చెక్కకు గాటు పడదు. గిటార్ చేసినోళ్లకు అంత ఓపిక లేకపాయె.

పొట్టు, జిగురు కలపడం నెట్‌లో పుట్టిన విద్య అనుకునేరు. మన చేర్యాల మాస్కులు చేసేవాళ్లు రంపపు పొట్టును చింతగింజల జిగురుతో కలిపి ముక్కులూ చెవులూ దిద్దుతరు. కాని అది ఆరడానికి రోజులు పడుతది, తడికి మెత్తబడుతది. ఫ్రెట్ పక్కన పనికిరాదు, సరదాకు చెప్పిన.

గాడుల కొసలకు ఫెవికాల్‌లో పొట్టు కలిపి లప్పంలా నింపితే చాలు. అక్కడ తీగ ఒత్తిడి లేదు, వేలు తాకితే గుచ్చుకోకుండా ఉంటే సరిపోతది. మెడ పక్క పాలిష్ మీద ముందు మాస్కింగ్ టేప్ వేసుకో.

ఇప్పుడు అసలు అనుమానం. సాండ్‌పేపర్ కొట్టినచోట గోధుమరంగు తేలింది అన్నవు. జిట్రేగి (రోజ్‌వుడ్) అయితే లోపల కూడా ముదురుగనే, నల్లగ గీతలతో ఉండాలె. ఇంత తేలిపోయిన గోధుమరంగు రాదు. గిటార్ పని మొదలుపెట్టకముందు తెల్ల గుడ్డ మీద కొంచెం స్పిరిట్ వేసి బోర్డు మూల ఒక్కసారి తుడిచి చూడు. గుడ్డ ఏ రంగైందో వచ్చి చెప్పు. బోర్డుకు ఎప్పుడైనా నూనె రాసిన్రా? అది కూడా చెప్పు.

కాజీపేట ఫిట్టర్ (మే 11)

మేస్త్రీ గారూ, దండం పెట్టాలి మీకు. గుడ్డ బొగ్గులా నల్లగా అయింది. నేను పదేళ్లుగా అది ఎబొనీ (పుట్టుకతోనే నల్లగా ఉండే గట్టి చెక్క) అనుకుంటున్నాను. క్వయర్ పిల్లలకు కూడా అదే చెప్పాను!

నూనె సంగతి అడిగారు. ఇంట్లో అడిగితే మా చిన్నోడు ఒప్పుకున్నాడు. మెరుస్తుందని కొబ్బరినూనె రాసేవాడట, నెలకోసారి. తుడిచిన గుడ్డ వాసన చూస్తే నిజమే, పాతనూనె కంపు.

కొలతలు కూడా తీసుకున్నాను. మూడు, నాలుగు, అయిదు ఫ్రెట్ల గాడులు 0.60 ఆకుకు బిగుతుగా ఉన్నాయి. ఒకటి, రెండు మాత్రం మధ్యలో 0.70 కూడా దూరుతోంది, కొసల్లో 0.60. నా ప్లయర్ పుణ్యమే. హాక్సా బ్లేడు సానబెట్టాను, మైక్రోమీటర్‌తో 0.62 చూపిస్తోంది.

రంగేసిన చెక్క అయితే మీరు చెప్పిన పద్ధతి మారుతుందా? ముక్క పెట్టి సమం చేస్తే చుట్టూ తెల్లబడుతుంది కదా.

మెట్ల మేస్త్రీ, హన్మకొండ (మే 11)

మారుతది. ఎబొనీ అనుకున్నందుకు సిగ్గుపడకు, చౌక గిటార్లలో చాలామటుకు ఇదే కథ. లేత రంగు గట్టి చెక్కకు నల్ల రంగు వేసి దించుతరు. అది తప్పేం కాదు, ఇన్నేళ్లు వాయించిన్రు కదా.

ముందు నూనె. కొబ్బరినూనె చెక్క లోపలికి దిగి ఉంటే ఏ జిగురూ పట్టదు, రెండు నెలలకు ముక్క ఊడి వస్తది. అసిటోన్‌తో కడగమని చెప్పేవాడిని, కానీ నీ బోర్డు రంగంతా లేస్తది, అంచున ప్లాస్టిక్ పట్టీ ఉంటే అది కూడా కరుగుతది. కాబట్టి పెచ్చు లోపల మాత్రమే, చెవి తుడిచే బడ్ మీద స్పిరిట్ వేసి, మూడు నాలుగు సార్లు. బడ్ కొసన దూది ఉంటది, సూపర్ గ్లూ దగ్గరికి దాన్ని తేవద్దు. ఇది గ్లూ తెరవకముందు పని.

ఇలాంటి బోర్డుకు నేనైతే సూపర్ గ్లూ పక్కన పెడతా. నిదానంగా గట్టిపడే అరాల్డైట్ రెండు ట్యూబులవీ సమానంగా కలిపి, దాంట్లో దీపం మసి ఇంత, సన్న పొట్టు ఇంత. నల్లగా వస్తది, సమం చేసినా లోపలిదాకా నల్లగనే ఉంటది. అయిదు నిమిషాలది వద్దు, అది మెత్తగా ఉంటది, చెయ్యి కుదిరేలోపు గడ్డకడుతది. కలిపి పెట్టినాక ఒక రోజు ముట్టుకోకు. పైన కొంచెం ఎత్తుగా పెట్టు, ఆరినాక గీకి సమం చెయ్యొచ్చు.

పెద్ద పెచ్చుకు మాత్రం ముక్కే. నల్ల చెక్కముక్క దొరికితే రంగు బాధ కూడా తప్పుతది.

వడ్లింటి అబ్బాయి, నిర్మల్ (మే 12)

మేస్త్రీ గారు నల్ల చెక్క అన్నారు కాబట్టి మధ్యలో దూరుతున్నాను. నిర్మల్ అనగానే అందరూ పొనికి బొమ్మలే అనుకుంటారు, మా ఇంట్లో పని దర్వాజలు, తలుపులు, మంచాలు. గిటార్ వాయించడం నాకు రాదు. చెక్క మాత్రం తెలుసు.

తునికి చెట్టు మనందరికీ బీడీ ఆకుగానే తెలుసు. ఏప్రిల్, మే నెలల్లో ఊళ్లకు ఊళ్లు ఆకు కోతకు పోతాయి. ఆ చెట్టే పెద్దదైతే మధ్యలో నల్ల చేవ కడుతుంది. ఎబొనీ కుటుంబపు చెట్టే అది. చేవ సన్నగానే వస్తుంది, చుట్టూ ఉన్న తెల్ల చెక్క పనికిరాదు. అడవిలోకి పోయి నరకమని చెప్పడం లేదు, ఫారెస్టువాళ్లు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. పాత చేతికర్రలు, పెట్టెల పిడులు చూడండి. మా తాత చేతికర్ర తునికి చేవదే. ఆయన పోయాక పిల్లలు క్రికెట్ వికెట్‌గా వాడి విరగ్గొట్టారు. ముక్కలు అటక మీద ఉన్నాయి. మీ 4 మిల్లీమీటర్ల పనికి అగ్గిపుల్లంత చాలు కదా, రెండు పంపిస్తాను, అడ్రసు మెసేజ్ పెట్టండి.

ముక్క పెట్టేటప్పుడు ఒక మాట. పెచ్చు లేచిన గుంట అంచులు వంకరటింకరగా ఉంటాయి. దానికి సరిపోయే ముక్క చెక్కడం మా నాన్నవల్ల కూడా కాదు. గుంటనే ముక్కకు సరిపోయేలా సరిచెయ్యాలి. మూడు మిల్లీమీటర్ల ఉలితో అంచులు సన్నగా తిన్నగా కోసి, దోనెలా అడుగుకు వాలుగా చెయ్యండి. రెండు కొసలూ పడవ ముక్కులా సన్నబడితే జాయింటు కళ్లకు కనపడదు. పోగుకు అడ్డంగా ఉండే జాయింటే కనిపిస్తుంది, పోగు వెంబడి ఉండేది కనిపించదు. పోగు దిశ ముందే చూసుకోండి, అంటించాక తిప్పడం కుదరదు.

జిట్రేగి పొట్టుతో పని చేసేవాళ్లు ఎవరైనా ముక్కుకు గుడ్డ కట్టుకోండి. మా చిన్నాన్నకు ఆ పొట్టు పడక చేతులంతా దద్దుర్లు.

కాజీపేట ఫిట్టర్ (మే 29)

అందరికీ అప్‌డేట్. కొంచెం పెద్దగా రాస్తున్నాను, మళ్లీ ఎవరికైనా పనికొస్తుందని.

నిర్మల్ తమ్ముడు పంపిన ముక్కలు 17న వచ్చాయి. ఒకటి విరిచి చూశాను, గాజులా టప్పుమని విరిగింది, లోపలంతా ఒకటే నలుపు. ఇంత గట్టి చెక్కతో చేసిన కర్రను పిల్లలు వికెట్‌గా ఎలా విరగ్గొట్టారో నాకు అర్థం కాలేదు, ఫాస్ట్ బౌలర్ అయ్యుంటాడు.

ముందు నేను చేసిన మసిమచ్చను బ్లేడుతో గీకి తీసేశాను. దానికే ఒక సాయంత్రం పట్టింది. తర్వాత గాడి. సానబెట్టిన హాక్సా బ్లేడును రెండు వేళ్లతో పట్టుకుని లాగితే తెల్లగా జిగురు పొడి రాలింది. ఒక దశలో పొడి తెలుపు నుంచి గోధుమరంగుకు మారింది, చెక్క తగిలిందని అక్కడితో ఆపేశాను.

నాకు మూడు మిల్లీమీటర్ల ఉలి లేదు. పాత స్క్రూడ్రైవర్‌ను సానబెట్టి చేసుకున్నాను. పడవ ఆకారం ఒక కొసన బాగా వచ్చింది, రెండో కొసన చెయ్యి జారి మొండిగా అయింది. ముక్కను గుంట కంటే మిల్లీమీటరు ఎత్తుగా వదిలి, మైనం పూసిన 0.55 ఆకు గాడిలో నిలబెట్టి, మసి కలిపిన అరాల్డైట్‌తో అంటించాను. దీపం మసికి మా ఇంట్లో పెద్ద రచ్చ. స్టీలు గిన్నె అడుగున కిరోసిన్ దీపం పెట్టి పట్టాను, గిన్నె ఇంకా తెల్లబడలేదు.

మర్నాడు సాయంత్రం ఆకు లాగితే ఒక్కసారికే వచ్చింది. ఆ క్షణం ఉంది చూడండి, ఇంజన్ మొదటి సెల్ఫ్‌కే అందుకున్నట్టు అనిపించింది. మొదటి ఫ్రెట్ పక్కన ఉన్న చిన్న పెచ్చులకు మసి, పొట్టు, అరాల్డైట్ లప్పమే పెట్టాను. బ్లేడుకు టేప్ చుట్టి గీకడం మేస్త్రీ గారు చెప్పినప్పుడు చిన్న విషయంలా అనిపించింది కానీ, అది లేకపోతే చుట్టూ రంగంతా లేచిపోయేది. అయినా రెండు మూడు చోట్ల కొద్దిగా తెల్లబడింది. అక్కడ చెప్పులకు వేసే నల్ల రంగు వెయ్యమన్నాడు మా కాలనీలో చెప్పులు కుట్టే ఆయన. సన్న కుంచెతో వేశాను, కలిసిపోయింది.

వదులైన రెండు గాడులకు ఫ్రెట్ కాళ్లను ప్లయర్‌తో నాలుగేసి చోట్ల నొక్కాను. చెక్కముక్కను అడ్డం పెట్టి సుత్తితో కొడితే మధ్యలో కూడా కూర్చున్నాయి. ఫ్రెట్ తల కింద 0.05 ఆకు దూర్చి చూశాను, దూరలేదు. గాడుల కొసలు ఫెవికాల్, పొట్టు. పది నిమిషాల పని.

ఫలితం: మంచి వెలుతురులో రెండో ఫ్రెట్ దగ్గర మొండిగా మిగిలిన కొస ఒక్కటి కనిపిస్తుంది, వెంట్రుకంత అడ్డగీత. పోగుకు అడ్డంగా ఉన్న జాయింటే కనిపిస్తుందని తమ్ముడు ముందే చెప్పాడు. మోత పోయింది. నిన్న ఆదివారం వాయించారు, ఎవరూ ఏమీ అడగలేదు.

పగులును మాత్రం ముట్టుకోలేదు. చివర్లో చెప్తానని మేస్త్రీ గారు చెప్పకుండానే ముగించేశారు. ఆగాను. అదిప్పుడు 0.20కి పెరిగింది. మనసు ఆగడం లేదు, చెప్పండి.

మెట్ల మేస్త్రీ, హన్మకొండ (మే 30)

మర్చిపోయిన తమ్మీ, వయసు. పని మంచిగ చేసినవు.

పగులు పెరగడానికి కారణం గిటార్‌లో లేదు, ఎండల్ల ఉంది. ఈ నెలల మన దగ్గర గాలి పీల్చితే ముక్కు మండుతది, చెక్కలో ఉన్న తేమంతా లాగేస్తది. చెక్క పొడవులో పెద్దగా తగ్గదు, అడ్డంగా తగ్గుతది. అందుకే మే నెలల ఫ్రెట్ కొసలు పక్కకు పొడుచుకొచ్చి అరచేతికి గీరుకుంటయి, బోర్డు కొసన పగులు నోరు తెరుస్తది. ఇప్పుడు నువ్వు అందులో జిగురు పోసి గట్టిగ చేసినవనుకో, వానల్ల చెక్క మళ్లీ ఉబ్బినప్పుడు మూసుకుపోవడానికి చోటుండదు. ఇంకో చోట పగులుతది.

ఆ గిటార్‌ను ఎక్కడ పెడుతున్నరు? రేకుల గదిలనా? ఇంట్ల పెట్టుకో. డబ్బాలో పెట్టి, సబ్బుడబ్బాకు కన్నాలు చేసి తడిపి పిండిన స్పాంజ్ ముక్క దాంట్లో పెట్టి, తీగలకు తాకకుండా పక్కన ఉంచు. రెండు రోజులకోసారి తడుపు. అట్లని కూలర్ ముందు నిలబెట్టకు, అది ఒకటే రోజు ఎక్కువ తడి ఇచ్చి ముందు పలకను ఉబ్బిస్తది. వానలు పడి మూడు వారాలైనాక మళ్లీ కొలువు. అప్పుడు కూడా తెరిచి ఉంటే చూద్దాం.

హాస్టల్ గిటారు (మే 30)

నా గిటార్ రెండు నెలలుగా కూలర్ పక్కనే ఉంది. లేచి తీసేస్తున్నా.

కాజీపేట ఫిట్టర్ (జులై 18)

మేస్త్రీ గారూ, ఈ రోజు కొలిచాను. జూన్ మొత్తం స్పాంజ్ డబ్బా పెట్టాను, తర్వాత ముసురు పట్టింది, తీసేశాను. పగులులోకి 0.05 ఆకు కూడా పోవడం లేదు. గోటితో తడిమితే గీత తెలుస్తుంది, అంతే. ఏమీ పూడ్చలేదు.

ఇంకో విషయం. క్వయర్‌లో ఇంకో అబ్బాయి తన గిటార్ తెచ్చాడు, ఇది నిజంగానే జిట్రేగి బోర్డు, స్పిరిట్ గుడ్డకు నల్లరంగు అంటలేదు. నట్ పక్కన చిన్న పెచ్చు, ముక్క కవర్‌లో దాచిపెట్టి మరీ తెచ్చాడు. కానీ బోర్డంతా కొబ్బరినూనె. మా చిన్నోడే నేర్పాడట. దీనికి అసిటోన్ వాడొచ్చా?

మెట్ల మేస్త్రీ, హన్మకొండ (జులై 18)

పెచ్చు గుంట లోపల, ముక్క కింద, బడ్‌తో వాడు. అంచున ప్లాస్టిక్ పట్టీ ఉందా లేదా ముందు చూడు. ఆ సీసా మీ చిన్నోడికి అందకుండా పెట్టు.